రబ్-ఆన్ అక్షరం పూర్తిగా దిగాలంటే, స్టిక్కర్‌తో కాని పనులు దానితో చేయాలంటే

మీరు అడిగినవి నాలుగు. అరకు రైలు ప్రయాణం ఫోటోలతో ఆల్బమ్ చేస్తున్నారు. విశాఖ ఎంవీపీ కాలనీలో ఇల్లు, సాయంత్రం పూట కిటికీ దగ్గర కూర్చుని పని. ప్లాస్టిక్ షీటు మీద రుద్దితే కాగితం మీదకి దిగే రబ్-ఆన్ అక్షరం సగమే దిగి, మిగతా సగం షీటుకే ఉండిపోతోంది. ఫోటో మీద నేరుగా వేయొచ్చా అన్నది రెండో సందేహం. తెలుగు అక్షరాలు ఎక్కడా దొరకట్లేదు. ఇక నాలుగోది: స్టిక్కర్ అతికించినట్టే ఉంది తప్ప రబ్-ఆన్ కొన్నందుకు తేడా కనబడట్లేదు. ఈ నాలుగోదానితో మొదలుపెడతాను, ఎందుకంటే అది తెలిస్తే మిగతావి ఎందుకు అలా జరుగుతున్నాయో కూడా తెలుస్తుంది.

స్టిక్కర్‌కి సొంత కాగితం ఉంటుంది. దాని అంచు కనబడుతుంది, చేతికి తగులుతుంది, అడుగున ఉన్నదాన్ని కప్పేస్తుంది. రబ్-ఆన్‌కి అలాంటి ఒళ్ళు లేదు. అది పలచటి ఇంకు పొర, దాని కింద ఇంకా పలచటి జిగురు, అంతే. అక్షరాల మధ్య ఖాళీలోంచి మీ కాగితం రంగే కనబడుతుంది, అందుకే ప్రెస్సులో అచ్చు వేసినట్టు ఉంటుంది. తెల్ల కార్డు మధ్యలో ఒక పదం వేసి వదిలేస్తే ఆ గుణం వృథా. రెండు కాగితాలు కలిసే చోట, ఫోటో అంచు దాటించి, గాజు మీద, పారదర్శకమైన షీటు మీద వేస్తే దాని విలువ తెలుస్తుంది. ఒళ్ళు లేకపోవడమే దాని కష్టం కూడా. కింద ఉన్న గరుకు, చెమ్మ, దుమ్ము అన్నీ దాని మీదకే వస్తాయి. కాబట్టి రుద్దడం కంటే, రుద్దబోయే చోటుని సిద్ధం చేయడం పెద్ద పని.

సగంలో ఎందుకు ఆగిపోతోందో చూద్దాం. పైన ప్లాస్టిక్ షీటు, దాని అడుగున బొమ్మ, బొమ్మ అడుగున జిగురు, ఆ జిగురుకి అంటకుండా జారుడుగా ఉండే బ్యాకింగ్ పేపర్. మీరు రుద్దినప్పుడు ప్లాస్టిక్‌కీ బొమ్మకీ మధ్య ఉన్న పట్టుతో, జిగురుకీ మీ కాగితానికీ మధ్య ఉన్న పట్టు పోటీ పడుతుంది. రెండోది గెలిస్తేనే బొమ్మ దిగుతుంది. విశాఖలో రెండోది ఓడిపోవడానికి మొదటి కారణం తేమ. సాయంత్రం సముద్రం గాలి వచ్చే కిటికీ పక్కన గంటసేపు పరిచిన కార్డు చూడ్డానికి పొడిగానే ఉంటుంది, కానీ దాని పీచు చెమ్మ పీల్చి మెత్తబడి ఉంటుంది. జిగురు ఆ పీచుని గట్టిగా పట్టుకోలేదు. పట్టుకున్నా, షీటు ఎత్తేటప్పుడు పీచే లేచి వస్తుంది. తీసేసిన షీటు వెనక కాగితం నూగు కనబడిందంటే కారణం ఇదే.

దీనికి మందు తేలిక. వాడబోయే కార్డుని ముందురోజు రాత్రి మూత గట్టిగా పట్టే ప్లాస్టిక్ డబ్బాలో నాలుగైదు సిలికా జెల్ పొట్లాలతో పెట్టండి. కొత్త చెప్పులు, బ్యాగుల డబ్బాల్లో వచ్చే పొట్లాలు పాతవైతే అప్పటికే తేమతో నిండిపోయి ఉంటాయి, కొత్తవి కొనడం మేలు. అంత వ్యవధి లేకపోతే కార్డుని రెండు తెల్ల కాగితాల మధ్య పెట్టి, ఆవిరి లేకుండా, మధ్యస్థ వేడి మీద పది సెకన్లు ఇస్త్రీ చేసి, పూర్తిగా చల్లారనివ్వండి. వేడి మీద రబ్-ఆన్ వేయకూడదు, జిగురు కరిగి పక్కకి పాకుతుంది. ముసురు పట్టిన రోజుల్లో ఏసీ గదిలో కార్డునీ షీటునీ కలిపి అరగంట ఉంచాక పని మొదలుపెట్టండి. మొదలుపెట్టే ముందు చేతులు కడిగి తుడుచుకోండి. జిగురు వైపు చెమట వేలు ఒక్కసారి తగిలినా ఆ చోట అక్షరం దిగదు.

రెండో కారణం షీటు పాతబడటం. లెట్రాసెట్ అనే బ్రిటిష్ కంపెనీ 1961లో ఈ పద్ధతిలో అక్షరాల షీట్లు తెచ్చింది. కంప్యూటర్లు వచ్చేదాకా డ్రాయింగ్ ఆఫీసుల్లో, ప్రకటనలు తయారుచేసే చోట్ల వాటితో చాలా పని నడిచింది. అలాంటి పాత షీట్లు ఇంట్లో బీరువాలో దొరికితే పారేయకండి, కానీ నేరుగా ఆల్బమ్ మీద వేయకండి కూడా. జిగురు ఎండి, ఇంకు పెళుసుబారి ఉంటుంది, రుద్దగానే బీటలు వారుతుంది. హెయిర్ డ్రయర్‌ని తక్కువ వేడిలో పెట్టి జానెడు దూరం నుంచి ఐదారు సెకన్లు షీటు మీద ఆడించి, గోరువెచ్చగా ఉండగా వేస్తే కొన్నిసార్లు పని చేస్తుంది. కొత్తదైనా పాతదైనా, షీటు మూలన చిన్నగా కంపెనీ గుర్తో అంకెలో అచ్చయి ఉంటాయి. ముందు దాన్ని కత్తిరించి అదే రకం చిత్తు ముక్క మీద వేసి చూడండి. అది శుభ్రంగా దిగితే మిగతావీ దిగుతాయి.

ఇక వేసే తీరు. బొమ్మ చుట్టూ 4, 5 మిల్లీమీటర్లు వదిలి కత్తిరించండి. కత్తిరించకుండా మొత్తం షీటు పెడితే, రుద్దేటప్పుడు పక్క అక్షరం కూడా అంటుకుంటుంది. ఈ పొరపాటు చాలామంది చేస్తారు. కార్డు కింద గట్టి నేల ఉండాలి: గాజు పలక, నున్నటి టైలు, సన్‌మైకా బల్ల. కటింగ్ మ్యాట్ మెత్తన, దాని మీద ఒత్తిడి సమానంగా పడదు. బ్యాకింగ్ పేపర్ ఆఖరి నిమిషంలోనే తీయండి. ముక్కని ఒక అంచు పట్టుకుని తాకీతాకకుండా దించి, పైఅంచుకి మాస్కింగ్ టేప్ వేయండి. ఆ టేపు తలుపు బందులా పని చేస్తుంది, ఎత్తి చూసి మళ్ళీ అదే చోట దించవచ్చు.

రుద్దడానికి ఐస్‌క్రీమ్ పుల్ల చాలు. అంచులు గరుకుగా ఉంటే సాండ్‌పేపర్‌తో నునుపు చేసుకోండి. సన్న గీతలకి ఇంకు అయిపోయిన బాల్‌పెన్ బాగుంటుంది. ఏటీఎం కార్డు అంచు వద్దు, ప్లాస్టిక్ షీటుని సాగదీసి అక్షరాన్ని వంకర చేస్తుంది. ఒక వైపు నుంచి మొదలుపెట్టి ఒకే దిశలో, చిన్న చిన్న గీతలుగా, బొమ్మ అంచులు దాటేలా రుద్దండి. అటూ ఇటూ గీకితే ముక్క కదులుతుంది.

అక్షరం ఎప్పుడు దిగిందో కంటికి తెలుస్తుంది. దీపం ఏటవాలుగా పడేలా పెట్టుకుని చూడండి. దిగకముందు షీటులోంచి అక్షరం తడిగా ఉన్నట్టు ముదురుగా కనబడుతుంది. ప్లాస్టిక్ నుంచి విడిపోయిన చోట మధ్యలో గాలి పొర చేరి రంగు కొంచెం వెలిసి, బూడిద పూసినట్టు అవుతుంది. ఆ వెలసిన రంగు అక్షరమంతా పరుచుకునేదాకా రుద్దండి. ముఖ్యంగా చివరలు, తోకలు, చుక్కలు. తర్వాత షీటుని పైకి లాగకుండా, దాని మీదకే మడిచినట్టు వెనక్కి పడుకోబెట్టి మెల్లగా తీయండి. ఎక్కడైనా అక్షరం షీటుతో లేస్తుంటే ఆపి, వెనక్కి దించి, ఆ చోట మళ్ళీ రుద్దండి. పూర్తిగా తీశాక బ్యాకింగ్ పేపర్‌ని జారుడు వైపు కిందికి వచ్చేలా అక్షరం మీద పరిచి, పైనుంచి ఇంకోసారి అదమండి. చాలామంది వదిలేసే మెట్టు ఇదే, నెలరోజుల్లో అంచులు లేచేది కూడా దీన్ని వదిలేసిన పేజీల్లోనే. కొన్ని షీట్లలో జిగురు బొమ్మ కంటే కాస్త వెడల్పుగా ఉంటుంది, ఆ అంచుకి దుమ్ము పట్టి కొన్నాళ్ళకి నల్లటి గీత వస్తుంది. మెత్తటి బ్రష్‌తో చిటికెడు టాల్కమ్ పౌడర్ అద్ది దులిపేస్తే ఆ జిడ్డు పోతుంది.

వంకరగా పడితే వెంటనే మాస్కింగ్ టేప్ ముక్కని ముందు మీ చొక్కాకి రెండుసార్లు అద్ది, పట్టు తగ్గించి, అక్షరం మీద తట్టి తట్టి ఎత్తండి. మిగిలిన మరకలు తెల్ల రబ్బరుతో పోతాయి. ఒక రోజు గడిచాక తీయబోతే కాగితం పొరే వస్తుంది, అప్పుడు దాని మీద ఇంకో చిన్న ట్యాగ్ అతికించి కప్పేయడమే దారి. చిన్న ముక్క విరిగితే అదే రంగు జెల్ పెన్‌తో నింపండి. నలుపు, తెలుపుల్లో ఎవరూ కనిపెట్టలేరు.

కాగితం సంగతి. నున్నటి ఐవరీ కార్డు, ఆర్ట్ కార్డు 250 నుంచి 300 జీఎస్ఎం (చదరపు మీటరుకి గ్రాముల బరువు) ఉన్నవి అన్నిటికంటే సులువు. హ్యాండ్‌మేడ్ పేపర్ చూడముచ్చటగా ఉంటుంది, కానీ దాని గుంటల్లోకి జిగురు చేరదు, అక్షరం చుక్కలు చుక్కలుగా పడుతుంది. అదే కావాలనుకుంటే, వేయబోయే చోట బటర్ పేపర్ పరిచి స్టీలు చెంచా వెనక వైపుతో రెండు నిమిషాలు బాగా మెరుగు పెట్టండి. ఇంకా గరుకుగా ఉంటే మ్యాట్ మీడియం (మెరుపు లేకుండా ఆరే యాక్రిలిక్ పూత) పలచగా ఒకసారి వేసి, మర్నాటిదాకా ఆరనిచ్చి అప్పుడు వేయండి. గ్లిటర్ కాగితం, ఎంబాసింగ్ ఉన్న కార్డు మీద ఆశ పెట్టుకోకండి.

ఫోటో మీద వేయొచ్చు. నిజానికి ల్యాబులో కడిగించిన ఫోటో కంటే మంచి నేల లేదు. ఇంట్లో ఇంక్‌జెట్‌లో తీసిన ప్రింటయితే ఒక పూర్తి రోజు ఆరాలి. ఫోటోకి ముప్పు జిగురు వల్ల కాదు, పుల్ల వల్ల. గట్టిగా నొక్కితే పైపొరలో గాడి పడి, వెలుతురులో శాశ్వతంగా మెరుస్తుంది. పుల్లకీ షీటుకీ మధ్య బ్యాకింగ్ పేపర్ పెట్టుకుని, తక్కువ ఒత్తిడితో ఎక్కువసార్లు రుద్దండి. ఒకే ఒక్క కాపీ ఉన్న పాత ఫోటో మీద మాత్రం వద్దు. ఇంకో ప్రింటు తీయించి దాని మీద వేసుకోండి.

ఫోటో అంచు దాటించి పేజీ మీదకి సాగే తీగో, వాక్యమో వేస్తే అక్కడే రబ్-ఆన్ అందం కనబడుతుంది. ఫోటో పేజీలో కలిసిపోయినట్టు ఉంటుంది. ఇందులో చిక్కల్లా ఆ అంచు దగ్గర ఉన్న మెట్టు. ఫోటో మందం పావు మిల్లీమీటరే అయినా పొర అక్కడ గాలిలో వేలాడి, ఒక వారంలో బీట వారుతుంది. ఫోటోని ఫోమ్ టేప్ మీద ఎత్తుగా కాకుండా, నాలుగు అంచులూ మూలలదాకా డబుల్ టేప్‌తో చదునుగా అతికించండి. ముందు ఫోటో వైపు భాగం పూర్తిగా రుద్దండి. తర్వాత బాల్‌పెన్ మొనతో సరిగ్గా అంచు గీత వెంబడి, మూలలోకి తోసినట్టు రుద్ది, ఆ తర్వాత పేజీ వైపుకి రండి. షీటు తీశాక ఆ మెట్టు దగ్గర పొర ఇంకా బిగుతుగా కనబడితే, పదునైన కొత్త కట్టర్ బ్లేడుతో అంచు వెంబడి పొరని మాత్రమే తేలిగ్గా కోసి, రెండు వైపులా అదమండి. తనంతట అది చిరిగితే పళ్ళు పళ్ళుగా చిరుగుతుంది, మీరు కోస్తే సన్న వెంట్రుక గీత కూడా కనబడదు.

మీ ఆల్బమ్‌కే పనికొచ్చే ఒక పేజీ చెప్తాను. విశాఖ నుంచి అరకు మీదుగా కిరండూల్ వెళ్ళే ఆ లైనులో 58 సొరంగాలున్నాయి. ఫోటోల్లో అవి రావు, వచ్చినా నలుపే. ఆ నలుపునే పేజీ చేయండి. నల్ల కార్డుని సొరంగం నోరు ఆకారంలో, ఫోటో మీద తెరుచుకునే తలుపులా కత్తిరించి, దాని మీద తెల్ల రబ్-ఆన్ అంకెలు, స్టేషన్ పేర్లు వేయండి. నల్ల కార్డు మీద తెల్ల జెల్ పెన్ గీత అక్కడక్కడా పలచబడుతుంది, తెల్ల రబ్-ఆన్ మాత్రం నిండుగా నిలుస్తుంది. ఒక జాగ్రత్త: నలుపు మీద ప్రతి వేలిముద్రా, జిగురు అంచూ కనబడతాయి, కాబట్టి పౌడర్ బదులు శుభ్రమైన రబ్బరుతోనే తుడవండి. తలుపుకి మడత గీత ముందే నొక్కుకోండి, మడత మీదుగా అక్షరం రానివ్వకండి.

బొర్రా గుహల ఫోటోల్లాంటివాటికి, అక్షరాలు ఫోటోనే కప్పేస్తాయన్న బెంగ ఉంటే ఓహెచ్‌పీ షీటు, అంటే పారదర్శకమైన ప్లాస్టిక్ షీటు వాడండి. ఫోటో సైజుకి కోసి, దాని మీద తేదీ, పేర్లు రుద్ది, ఒక అంచున మాత్రమే అతికించి ఫోటో మీద మూతలా పెట్టండి. ఎత్తితే ఫోటో ఖాళీగా, దించితే రాతతో. అక్షరాలు గీసుకుపోతాయని షీటు వెనక వైపు రుద్దితే, ముందు నుంచి అద్దంలో చూసినట్టు తిరగబడి కనబడతాయి. పూలు, పక్షులు వెనక వైపు వేయొచ్చు, రాత ముందు వైపే వేయాలి.

బీచ్ ఫోటోల పేజీకి తెల్ల రబ్-ఆన్‌ని ఇంకుని అడ్డుకోవడానికి వాడుకోవచ్చు. నున్నటి వాటర్‌కలర్ పేపర్, 300 జీఎస్ఎం, దాని మీద తెల్ల పక్షులో, అలల గీతలో రుద్ది బాగా అదమండి. స్టాంపు ప్యాడ్ మీద స్పాంజి అద్ది, చిత్తు కాగితం మీద సగం ఇంకు వదిలించి, లేత నీలంతో మొదలుపెట్టి ముదురు నీలందాకా గుండ్రంగా రుద్దుతూ రండి. పక్షుల మీద ఇంకు లోపలికి ఇంకదు. బాగా పిండిన టిష్యూతో ఒక్కసారి తుడిస్తే తెల్లగా బయటపడతాయి. పాడయ్యేది రెండు చోట్ల: నీళ్ళు ఎక్కువైతే కాగితం ఉబ్బి రబ్-ఆన్ లేస్తుంది, ఇంకు ఆరిపోయాక తుడిస్తే తెలుపు మీద నీలం మరక ఉండిపోతుంది. ఒక్కో రంగు వేసిన వెంటనే తుడవండి.

చిన్న చిన్నవి ఇంకొన్ని. బీచ్‌లో ఏరిన ఆల్చిప్పని కడిగి రెండు రోజులు ఆరబెట్టి, నున్నటి లోపలి వైపు చిన్న తేదీ వేయండి. వంపు ఉన్న చోట టేపు పనికిరాదు, వేలితో అదిమి పట్టుకుని మధ్య నుంచి అంచులకి రుద్దాలి. ఏటికొప్పాక లక్క బొమ్మ ముక్క ఏదైనా ఆల్బమ్ అట్ట మీద బిగిస్తుంటే, దాని నునుపు మీదా రబ్-ఆన్ పడుతుంది, వేడి మాత్రం తగలనివ్వకండి. ఉత్తరం కవరు మూత అంచు మీద ఒక ముద్ర వేస్తే సీలు వేసినట్టు ఉంటుంది, తెరిచినప్పుడు రెండుగా విడిపోతుంది. శుభలేఖల మీద వేసేవారు నాలుగు మూలలా పసుపు పెట్టే ముందే రబ్-ఆన్ పూర్తి చేయాలి. పసుపు పొడి రేణువులు చేరిన చోట జిగురు పట్టదు, తుడిచినా పట్టదు.

ఇక తెలుగు అక్షరాలు. వీటిని చేయించుకోవడమే దారి, ఇప్పుడు అది కష్టం కాదు. అన్నిటికంటే నాణ్యంగా వచ్చేది యూవీ డీటీఎఫ్, అంటే ఫిల్మ్ మీద అచ్చు వేసి యూవీ వెలుగుతో ఇంకుని గట్టిపరిచే పద్ధతి. స్టిక్కర్, గిఫ్ట్ ప్రింటింగ్ చేసే షాపుల్లో అడగండి. అడుగున తెల్ల ఇంకు వేస్తారు కాబట్టి నల్ల పేజీ మీదా నిండుగా కనబడుతుంది. ఒక ఏ4 షీటులో మీ ఆల్బమ్‌కి కావలసిన పేర్లన్నీ సర్దేయవచ్చు. ఇది మామూలు రబ్-ఆన్ కంటే మందం, మెరుపు ఎక్కువ, చేతికి తగులుతుంది. కాగితం మీద ఒకసారి పడితే ఇక రాదు. రామభద్ర లాంటి లావు ఫాంట్ ఎంచుకోండి, గీత ఎక్కడా ఒక మిల్లీమీటరు కంటే సన్నగా ఉండకూడదు. ఫైలు పీడీఎఫ్‌గానో, వెనక రంగు లేని బొమ్మగానో ఇవ్వండి. వర్డ్ ఫైలు ఇస్తే షాపు కంప్యూటర్‌లో ఆ ఫాంట్ లేక వత్తులు ఊడి పక్కన పడతాయి. విడివిడిగా కోసేటప్పుడు కూడా వత్తుల కింద 5 మిల్లీమీటర్లు వదలండి. "బొర్రా"లో క్రావడి కత్తెరకి పోతే ఆ పేరే మారిపోతుంది.

ఇంట్లోనే చేయాలంటే ప్రింటర్‌లో పెట్టే టాటూ పేపర్ ఉంది. రాతని తిరగేసి ప్రింటు తీయాలి, పది పదిహేను నిమిషాలు ఆరనిచ్చి, జిగురు ఫిల్మ్‌ని స్కేలుతో బుడగలు లేకుండా పరచాలి. కోసి, ఫిల్మ్ మీది ప్లాస్టిక్ తీసి బోర్లించి, పిండిన స్పాంజితో వెనక అరనిమిషం తడిపితే కాగితం జారి వస్తుంది. దీనిలో తెలుపు అచ్చు కాదు, కాబట్టి లేత రంగు నేల మీద ముదురు రాతకే. నీళ్ళ పని కనుక ఫోటో మీద వద్దు, పలచటి కార్డు మీద వద్దు. ఓహెచ్‌పీ షీటు, ఆల్చిప్ప, ఆరిన యాక్రిలిక్ రంగు మీద చక్కగా పడుతుంది. జిరాక్స్ కాపీ మీద వెడల్పు సెలోటేప్ వేసి, నానబెట్టి కాగితం ఊడదీసే పద్ధతి కూడా చాలామంది చెప్తారు. ఇంక్‌జెట్ ప్రింటయితే నీళ్ళలోనే కరిగిపోతుంది, జిరాక్స్ అయినా టేపు కొన్నేళ్ళకి పసుపెక్కుతుంది. గ్రీటింగ్ కార్డుకి సరే, దాచుకునే ఆల్బమ్‌కి నేనైతే ఒప్పుకోను.

పైన వార్నిష్ స్ప్రే కొట్టాలా అంటే, ఆల్బమ్ లోపలి పేజీలకి అక్కర్లేదు. ఆల్బమ్ అట్టకి కొట్టాలనుకుంటే ఎండ కాసే పొడి రోజున, జానెడున్నర దూరం నుంచి రెండు పలచటి పూతలు. ఉక్కపోత రోజు కొడితే గాలిలోని తేమ చేరి పాలు ఒలికినట్టు తెల్లటి మసక వస్తుంది. వేడి ల్యామినేషన్ మాత్రం చేయించకండి, పొర ముడతలు పడే ప్రమాదం ఉంది.

పేజీలకి తొడిగే కవర్లు పాలీప్రొపిలీన్‌వి అడిగి తీసుకోండి. మెత్తగా, ఘాటు వాసన వచ్చే పీవీసీ కవర్లలో ప్లాస్టిక్‌ని మెత్తబరిచే నూనె లాంటి పదార్థం ఉంటుంది. అది మెల్లగా బయటికి వచ్చి రబ్-ఆన్ ఇంకుని కవరుకే అంటిస్తుంది, తెరిచేసరికి అక్షరం కవరు మీద ఉంటుంది. కవరు లేని పేజీలయితే ఎదురెదురు పేజీల మధ్య బటర్ పేపర్ పెట్టండి, ఆల్బమ్ మీద బరువు పెట్టకుండా నిలబెట్టి ఉంచండి. మిగిలిన రబ్-ఆన్ ముక్కల్ని వాటి సొంత బ్యాకింగ్ పేపర్ మీదే తిరిగి పరిచి, చుట్టకుండా చదునుగా, సిలికా పొట్లంతో జిప్‌లాక్ కవరులో పెట్టండి. మామూలు కాగితం మీద పెడితే మర్నాటికి దానికే దిగిపోయి ఉంటాయి.